చకోరానికి చిక్కని విషం

సుశ్రుత సంహితలోని కల్పస్థానం అన్నపానరక్షణతోనే మొదలవుతుంది. రాజగృహంలో వంటశాల ఎట్లుండవలెను, వండువారు, వడ్డించువారు ఎటువంటి నడవడి గలవారై ఉండవలెను, వైద్యుడు అక్కడ నిలిచి ఏమేమి గమనించవలెను అనే విషయాలు ఆ మొదటి అధ్యాయంలో విపులంగా ఉన్నవి. విషం కలిసిన అన్నాన్ని నిప్పులో వేస్తే చిటపటమని పెద్దగా ధ్వని చేస్తుందనీ, మంట నెమలికంఠం వర్ణంతో లేస్తుందనీ ఆచార్యుడు చెప్పినాడు. ఆ అన్నం మీద వాలిన ఈగలు చస్తవి. దానిని చూచిన చకోరపక్షి కన్నులలోని ఎరుపు పోతుంది, కోకిల గొంతు మారుతుంది, చిలుకా గోరువంకా అరుస్తవి. ఇంటికి అలంకారంగానూ, యజమానికి రక్షణగానూ ఈ పక్షులను పెంచుకొనవలెనని విధి.

నేటి గృహిణి వంటగదిలో చకోరం లేదు. ఉన్నా ప్రయోజనం ఉండేది కాదు. కాడ్మియం అనే లోహం చేరిన బియ్యం మల్లెమొగ్గలవలె తెల్లగానే ఉడుకుతవి. సీసం దిగిన నీరు తేటగానే ఉంటుంది. ఆర్సెనిక్, అనగా మనవారు పాషాణమనేది, కరిగి ఉన్న బోరునీటికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. శబ్ద స్పర్శ రూప రస గంధాలు ఐదింటిలో ఒక్కటియూ సాక్ష్యం చెప్పదు. ప్రత్యక్ష ప్రమాణం వైద్యుని చేజారిపోయిన చోటు ఇది.

ప్రయోగశాలలు ఈ విషాలను కొలిచి చెబుతున్నవి, నిజమే. కాని లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అన్న మాట విని ముద్ద దించినవారిని నేను చూడలేదు. అంకె మనస్సుకు ఎక్కదు, రూపం ఎక్కుతుంది. ఆ అంకెలకు రూపం కల్పించే పనిని గత యాభై ఏళ్లుగా కొందరు కళాకారులు తలకెత్తుకొన్నారు. వైద్య పత్రికలో కళలను గూర్చిన పాఠమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. వీరు చేసినది గోడకు తగిలించే బొమ్మలు కావు, చకోరం చేయవలసిన పని. వారి కృతులు నాలుగింటిని ఇక్కడ పరిశీలించి, వాటినుండి మన వంటింటికి అందేదేమిటో చూతము.

బంగారుచేపల తొట్టి

జర్మనీలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన హాన్స్ హాకే 1972లో జర్మనీలోని క్రెఫెల్డ్ నగరంలో ఒక ప్రదర్శన పెట్టినాడు. రైన్ నదీతీరంలోని ఆ నగరం ఏటా 4 కోట్ల 20 లక్షల ఘనమీటర్ల మురుగును నదిలోకి వదులుతుండేది. హాకే ఆ మురికినీటిని పెద్ద గాజుసీసాలలో తెచ్చి, ఆ నగరపు మ్యూజియం గదిలోనే నిలిపినాడు. మడ్డి అడుగుకు దిగే రసాయనాలు కలిపి, తేరిన నీటిని బొగ్గు, ఇసుకల గుండా వడగట్టి, అంచులు పారదర్శకంగా ఉన్న తొట్టిలోకి పారించినాడు. తొట్టిలో బంగారుచేపలు ఈదుతుండేవి. మిగిలిన నీరు వెనుకనున్న తోటకు పోయేది. నినాదం లేదు, నింద లేదు. చేప బ్రతికి ఉన్నదా లేదా అన్నదొక్కటే ప్రశ్న. సుశ్రుతుని పక్షికీ హాకే చేపకూ నాకు భేదం కనిపించదు.

ఇక్కడ మన ఇండ్లలో ఒక అపోహ ఉన్నది. చిల్లగింజను కుండలోపల అరగదీస్తే బురదనీరు తేరుకుంటుంది. ఇది శాస్త్రోక్తం, అనుభవసిద్ధం. దీనిని కతకమని సుశ్రుతుడు నీటిని తేటపరిచే ద్రవ్యాలలో చెప్పినాడు. అయితే తేటపడడం వేరు, శుద్ధి కావడం వేరు. చిల్లగింజ నీటిలో తేలియాడే మట్టిని అడుగుకు దించుతుందే గాని, కరిగియున్న సీసాన్నిగాని ఫ్లోరైడునుగాని పట్టుకొనలేదు. నల్లగొండ జిల్లాలో తరతరాల ఎముకలను వంచినది చూపుకు స్వచ్ఛమైన బావినీరే గదా! పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి చివరకు ఆ జిల్లా పేరే నిలిచిపోయినది.

పుల్ల ఐసు

2017లో తైవాన్ జాతీయ కళా విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు విద్యార్థులు, హుంగ్ యీ-చెన్, గువో యీ-హుయ్, చెంగ్ యూ-తీ అనువారు, తమ దేశంలోని 100 చోట్ల నీరు పట్టినారు. నదులు, కాలువలు, రేవులు, చెరువులు, కర్మాగారాల ప్రక్క తూములు, ఏదీ విడువలేదు. ప్రతి చోటి నీటినీ ఉన్నదున్నట్లు అచ్చులో పోసి, పుల్ల గ్రుచ్చి గడ్డకట్టించినారు. ఐసు కరిగిపోతుంది గనుక, తరువాత గాజువలె గట్టిపడే రెజిన్‌తో అదే కొలతలో నకళ్లు తయారు చేసినారు. ఒక్కొక్కదానికి అంగడి సరుకుకు దీటైన అందమైన పొట్లం చుట్టి, నీరు పట్టిన స్థలం పేరును దానికి పెట్టి, తైపే నగరంలోని ప్రదర్శనలో వరుసగా అమర్చినారు.

దూరం నుండి చూస్తే పిల్లలు చేయి చాచే పుల్ల ఐసులే. ఒకటి లేతాకుపచ్చ, ఒకటి పసుపు, ఒకటి గులాబి. దగ్గరకు పోతే ఆ పచ్చదనం పాచి, ఆ గులాబి అద్దకపు రంగు. లోపల సీసా మూతలు, సంచి ముక్కలు, వల పోగులు, సిగరెట్టు పీకలు, చచ్చిన చేపలు, పురుగులు. చెత్తలో అధికభాగం ప్లాస్టిక్కే. నాకు ఈ నాలుగింటిలో మిక్కిలి నచ్చిన కృతి ఇది. కారణం చెబుతాను. అసహ్యం కలిగించడం సులువు, మురికికాలువ ఫొటో తీసినా చాలును. ఈ విద్యార్థులు మొదట నోరూరించినారు. ఆ తరువాత మాత్రమే చూపరి తన నాలుకను తాను అనుమానించుకొన్నాడు. ఆకర్షణ చేతనే విషం లోపలికి పోతుందన్న సంగతి వైద్యశాస్త్రం చెప్పినదానికన్న సూటిగా అక్కడ తెలిసివస్తుంది. పొట్లం అందాన్ని చూచి పిల్లవాని చేతిలో తినుబండారం పెట్టే తల్లిదండ్రులు ఆ వరుస ముందు ఒకసారి నిలువదగును.

ఇది తైవాను సంగతి గదా అని ఊరడిల్లుటకు వీలు లేదు. ప్లాస్టిక్కు నీటిలో కరుగదు, చీలికలు వాలికలై సూక్ష్మకణాలవుతుంది. ఉప్పులోనూ చేపలలోనూ ఆ కణాలు దొరికినవి. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది దాతల రక్తం పరీక్షించగా 17 మందిలో ప్లాస్టిక్కు ఆనవాలు కనిపించినది. అది శరీరంలో ఏ ధాతువును ఎంత దూషిస్తుందో శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చవలసి ఉన్నది. తేలేవరకు వేడి సాంబారును పలుచటి సంచిలో కట్టించుకొని వచ్చే అలవాటు మానడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంటినుండి గిన్నె తీసుకొనిపోతే సరిపోతుంది.

నురుగులో పట్టిన గాలి

మూడవ కృతి మన ప్రక్కనున్న బెంగుళూరులోనే జరిగినది. క్యాట్ క్రేమర్, జాక్ డెన్‌ఫెల్డ్ అనే ఇరువురు కళాకారులు 'సెంటర్ ఫర్ జీనోమిక్ గ్యాస్ట్రానమీ' అనే పేరుతో ఆహారాన్ని గూర్చిన ప్రయోగాలు చేస్తుంటారు. కోడిగ్రుడ్డు తెల్లసొనను బాగుగా గిలకొడితే తెల్లని నురుగవుతుంది. ఆ నురుగులో సుమారు తొమ్మిదివంతులు గాలియే. చక్కెర చేర్చి దానిని కాల్చి చేసే తేలికపాటి మిఠాయిని పాశ్చాత్యులు మెరాంగ్ అంటారు. గాలిని పట్టే సాధనం ఇంతకన్న సులభమైనది లేదని గ్రహించి, 2011లో వారు బెంగుళూరులో వాహనాలు క్రిక్కిరిసిన కూడళ్లవద్ద సొనను గిలకొట్టినారు. నురుగుతో పాటు ఆ వీధి పొగ, ధూళి అందులో చిక్కినవి. ఆ నురుగుతో మిఠాయి చేసి తినుడని ఎదుటివారికి చూపినారు. 2015లో న్యూయార్కులో ఇంకొక అడుగు ముందుకు వేసి, వేరువేరు నగరాల పొగమంచును ఒక పెట్టెలో కృత్రిమంగా పుట్టించి, దానిని నురుగులో పట్టి, తోపుడుబండి మీద పెట్టి ఊరివారిగా వడ్డించినారు.

దానిని తినవలెనా అని అడిగితే వైద్యునిగా వలదనే చెబుతాను. అయితే తినడానికి జంకినవాడు అదే కూడలిలో నిలిచి అదే గాలిని ముక్కుతో పీల్చుతున్నాడు. నోటికి వలదన్నదానికి ముక్కు ద్వారం తెరచి ఉంచడంలో న్యాయమేమిటన్నది వారి ప్రశ్న. చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో ఆత్రేయ మహర్షి దీనికి దగ్గరి మాటే చెప్పినాడు. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, వయస్సులు వేరు. అయినను ఒకే వ్యాధి ఒకేసారి ఊళ్లకు ఊళ్లను ఎట్లు పాడుచేస్తుందని అగ్నివేశుడు అడిగినాడు. గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగు అందరికీ ఉమ్మడివి గనుక, అవి చెడితే అందరూ చెడుతారని సమాధానం. ఈ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. విడివిడిగా ఎంత పథ్యం పాటించినా ఉమ్మడివి చెడినప్పుడు ఆ పథ్యం మనలను పూర్తిగా కాపాడలేదు. ఇంటి వైద్యం చెప్పే పత్రికలు ఈ మాటను తరచుగా మరుస్తుంటవి.

బజ్జీల బండి వద్ద మూత లేని పిండి, ప్రధాన రహదారి ప్రక్క మేడమీద ఆరబెట్టిన వడియాలు, అప్పడాలు, ఊరగాయ ముక్కలు, వీటికీ ఆ సొన నురుగుకూ తేడా స్వల్పమే. మేడమీద ఎండబెట్టదలచినవారు పలుచని నూలుబట్ట కప్పవలెను, వాహనాల రద్దీ మిక్కుటంగా ఉన్న వీధివైపు కాక పెరటివైపు పరచవలెను. బట్ట ముతక ధూళిని ఆపుతుంది, సన్నని పొగకణాలను ఆపలేదు. అది కూడ తెలిసి ఉండుట మంచిది.

ఆవకుటుంబపు మొక్క

నాలుగవ కృతిని కళ అనవలెనా, వ్యవసాయమనవలెనా అని అమెరికా ప్రభుత్వమే సందేహించినది. హ్యూస్టన్‌లో చైనా దంపతులకు జన్మించిన మెల్ చిన్ అనే శిల్పి, లోహాలు నిండిన నేలను మొక్కలచేత శుద్ధి చేయించి, ఆ పనినే శిల్పమని చూపదలచినాడు. ఉలితో రాతినుండి అక్కరలేని భాగాన్ని తొలగించినట్లు, మొక్కతో మట్టినుండి విషాన్ని తొలగించడం అతని ఊహ. 1990లో జాతీయ కళానిధి సంస్థ అధ్యక్షుడు ఇది కళ కాదని 10,000 డాలర్ల సహాయాన్ని నిలిపివేసి, తరువాత మనస్సు మార్చుకొని మంజూరు చేసినాడు. వ్యవసాయ శాఖకు చెందిన శాస్త్రజ్ఞుడు రూఫస్ చానీ తోడుగా, మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ నగరపు పిగ్స్ ఐ అనే పాత చెత్తదిబ్బమీద 1991లో నాట్లు పడినవి. చదరంలో వలయం, మధ్యలో ఒకదానినొకటి ఖండించే రెండు బాటలు, చుట్టూ ఇనుపకంచె. పైనుండి చూస్తే గురిపెట్టి కొట్టే లక్ష్యం వలె ఉంటుంది. దీనికి 'రివైవల్ ఫీల్డ్' అని, అనగా పునరుజ్జీవన క్షేత్రమని పేరు పెట్టినారు.

అందులో నాటిన ఆరు జాతులలో మొక్కజొన్న ఉన్నది, సలాడులలో తినే లెట్యూస్ ఆకు ఉన్నది. జింకును, కాడ్మియంను విశేషంగా పీల్చి ఆకులలో దాచుకొన్నది మాత్రం ఆల్పైన్ పెన్నీక్రెస్ అనే చిన్న మొక్క. అది ఆవకుటుంబానికి చెందినది. మన ఆవమొక్కకు కూడ లోహాలను పీల్చే గుణం కలదని 1990లలో జరిగిన పరిశోధనలు చూపినవి.

గృహిణులు ఈ సంగతిని శ్రద్ధగా గమనించవలెను. మొక్క మట్టిని శుద్ధి చేసినదంటే ఆ మలినం మొక్కలోకి వచ్చినదని అర్థం. రివైవల్ ఫీల్డ్‌లో ఆ ఆకును కోసి కాల్చి, బూడిదలోని లోహాన్ని వేరుచేయవలెనన్నది పథకం. మురుగునీటి గట్లమీద పెరిగిన తోటకూరను, ఆవకూరను మనం కోసి, తాలింపు వేసి, పిల్లలకు పెడుతున్నాము. హైదరాబాదు దిగువన మూసీ నీటితో ఆకుకూరలు, పశుగ్రాసం, వరి దశాబ్దాలుగా పండుతూనే ఉన్నవి. ఆ కూర కట్ట మిగతావాటికన్న నిగనిగలాడుతుంది కూడ, మురుగులో ఎరువు సమృద్ధి గదా!

దూషీవిషం

పై నాలుగు కృతులూ చూపలేని అంశం ఒకటి మిగిలినది. అది కాలం. తిన్ననాడు ఏమీ కాదు. సుశ్రుతుడు కల్పస్థానం రెండవ అధ్యాయంలో దూషీవిషమని ఒకదానిని వర్ణించినాడు. వీర్యం తగ్గి, కఫంచేత కప్పబడి, ప్రాణం తీయక, ఏళ్ల తరబడి దేహంలో నిలిచి, అనుకూలమైన దేశకాలాలు, ఆహారం దొరికినప్పుడు ధాతువులను దూషించేది అది. గురుకులంలో ఈ శ్లోకాలు వల్లించిన రోజులలో ఇది పాముకాటు శేషమని మాత్రమే మాకు స్ఫురించేది. జపాను కథ చదివిన తరువాత ఆ అధ్యాయం నాకు వేరుగా కనిపించినది.

జపానులో తోయామా ప్రాంతపు జింజూ నది ఎగువన కమియోకా అనే గని ఉండేది. గని వ్యర్థాలలోని కాడ్మియం నదిలో కలిసి, వరిమళ్లలోకి పారి, బియ్యంలోకి చేరినది. ఏళ్ల తరబడి ఆ అన్నం తిన్నవారిలో, ముఖ్యంగా పలుమార్లు ప్రసవించిన నడివయస్సు దాటిన స్త్రీలలో, మూత్రపిండాలు చెడి ఎముకలు మెత్తబడి విరగసాగినవి. వారి మూలుగే వ్యాధికి పేరైనది. 'ఇతాయి ఇతాయి' అంటే 'అబ్బా, అబ్బా' అని. 1968లో ఆ ప్రభుత్వం దీనిని కాలుష్యజన్య వ్యాధిగా గుర్తించినది. మూత్రపిండంలో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికే పది నుండి ముప్పది ఏళ్లు పట్టును.

వంటింట చేయదగినది, చేయరానిది

సీసం చాలవరకు ధూళితో వచ్చి ఆకుపైన, మట్టితో వచ్చి దుంపపైన ఉంటుంది. కనుక ఆకుకూరలను పుష్కలమైన నీటిలో మూడు నాలుగు మార్లు జాడించడం, దుంపల తోలు తీయడం ఉపయోగకరం. కాడ్మియం ఆకు లోపలనే, గింజ లోపలనే ఉంటుంది. ఉప్పునీరు, పసుపునీరు, చింతపండు పులుసు, ఏదియూ దానిని బయటికి లాగదు. అక్కడ కడగడం కాదు, కూర ఎక్కడ పండినదని అడగడమే మార్గం. ఒకే చోటి బియ్యం, ఒకే కాలువ కూరతో ఏడాది పొడుగునా గడపక మార్చి మార్చి తినడం వలన ఒకే విషం పేరుకొనే అవకాశం తగ్గును.

బియ్యంలోని పాషాణం విషయంలో మన పాత పద్ధతి మేలైనది. బియ్యం బాగుగా కడిగి, ఆరింతలు లేక అంతకు మించి నీరు పోసి వండి గంజి వార్చితే పాషాణం సుమారు సగం వరకు తగ్గునని పరిశోధనలలో తేలినది. దీనికి రెండు షరతులు. వండిన నీరే పాషాణజలమైతే ఫలితం లేదు, పశ్చిమ బెంగాల్, బీహారు, బంగ్లాదేశ్ పల్లెల ఇబ్బంది అదే. రెండవది, అటువంటి చోట వార్చిన గంజిని త్రాగితే తీసినది మరల లోపలికే పోవును. గంజితో పాటు బి విటమినులు కొంత పోతవి గనుక పప్పుధాన్యాలతో ఆ లోటు పూడ్చుకొనవలెను. దంపుడు బియ్యంలో పోషకాలతో పాటు పాషాణం కూడ అధికంగానే ఉండును, అది తవుడులోనే చేరును గనుక. ఇది చెబితే కొందరికి కష్టం తోచవచ్చును.

పాండురోగం, అనగా రక్తహీనత ఉన్నవారి ప్రేగులు సీసాన్ని, కాడ్మియంను ఇతరులకన్న ఎక్కువగా గ్రహిస్తవి. ఇనుము కొరవడిన దేహం దాని స్థానంలో వచ్చినదానిని లోపలికి రానిస్తుంది. మన ఇండ్లలో స్త్రీలు, చిన్నపిల్లలు ఈ కోవలో ఎందరో ఉన్నారు. వారి రక్తాన్ని పరీక్షింపజేసి ఇనుము లోటు తీర్చడం ఏ విషహర చూర్ణం కన్నను మేలు. దేహంలోని లోహాలను మూడు రోజులలో కడిగివేస్తామనే పొడులు, కషాయాలు బజారులో దొరుకుతున్నవి. సీసం సోకినదని అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించి ఆసుపత్రికి పోవలెనే గాని వాటిని నమ్మరాదు.

ఇక మా వృత్తి మాట. 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశీలన వెలువడినది. బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో అమ్మే, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 ఇంటిలో సీసంగాని, పాదరసంగాని, పాషాణంగాని ఉన్నవి. ఇది మన శాస్త్రంపై కక్ష అని కొట్టివేసిన వైద్యులున్నారు. నేను వారితో ఏకీభవించను. కొన్నింట లోహాలు యోగంలో భాగంగానే చేర్చి ఉండవచ్చును. అయినను మూలిక పెరిగిన నేలను చూడక కోసిన మందు ఎక్కడ తయారైనా ఇదే గతి. ఓషధులు కోయవలసిన నేలకు సుశ్రుతుడు ఒక అధ్యాయమే కేటాయించినాడు. శ్మశానం, వధ్యస్థానం, పుట్టలు, చవుడు గల భూమి పనికిరావన్నాడు. ఆత్రేయుడు జనపదోద్ధ్వంసం రానున్నదని ఎరిగి, నేల రసహీనం కాకముందే ఓషధులు సేకరించుమని శిష్యునికి ఆజ్ఞాపించినాడు. ఇన్ని చెప్పిన శాస్త్రానికి వారసులమైన మనం గుంటగలగరను మురికికాలువ అంచున, నీటిబ్రాహ్మిని ఊరచెరువు తూమువద్ద కోస్తున్నాము. తడినేలలో పెరిగే నీటిబ్రాహ్మికి లోహాలను పీల్చే గుణం అధికమని మన దేశపు పరిశోధనలే చెప్పినవి.

తలనూనెకు గుంటగలగర కావలసినవారు ఇంట తొట్టిలో పెంచుకొనవచ్చును. విత్తనం రాలినచోటనే మొలిచే మొక్క, శ్రమ లేదు. తొట్టిలోకి మట్టిని పాత ఇంటి గోడ ప్రక్కనుండి త్రవ్వి తేరాదు. గృహాలకు వేసే రంగులలో సీసం 90 పిపిఎంకు, అనగా పదిలక్షల వంతులలో 90 వంతులకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరునుండే అమలైనది. అంతకు ముందు వేసిన రంగులు పెచ్చులుగా రాలి ఆ గోడల మొదట్లోనే కలిసి ఉండును. రహదారికి, కర్మాగారాలకు దూరమైన పొలపు మట్టి ఒక బస్తా తెచ్చుకొని, బాగుగా మాగిన పశువుల ఎరువు మూడవ వంతు కలిపి, బోరునీరు కాక వాననీరు పట్టి పోయగలిగితే అది శ్రేష్ఠం.